గాలి తగిలితే అంటుకునే పొడి

ముంబై,
13 అక్టోబరు 2024

పెద్దనాయనా,

నీ కార్డు అందింది. కార్డు నిండా ఒకటే ప్రశ్న: "నువ్వు ఆడ ఏం చేస్తాండావు? చర్చి అయ్యగారు అడిగితే నేనేం చెప్పల్ల?" యురేనియం మీద పరిశోధన అని ఎన్నిసార్లు చెప్పాను! "అది సరే, పొద్దున లేచి ఏం చేస్తావు" అంటావు. ఫోన్లో చెప్తే నీకు వినపడదు. బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో బండల మోత నీ చెవులు తినేసింది. పెద్దమ్మకు చెప్తే సగం విని, మిగతా సగం తనే కల్పించి, నీకు సైగలతో చెప్తుంది. అందుకని వివరంగా రాస్తున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చదువు.

యురేనియం ఒక లోహం, ఇనుము కంటే చాలా బరువు. ఆ పేరు వినగానే మీ అందరికీ బాంబు గుర్తొస్తుంది. నా దగ్గర ఉన్నది బాంబుకూ పనికిరాదు, కరెంటుకూ పనికిరాదు. పనికొచ్చే భాగం తీసేశాక మిగిలిన సరుకు.

గుడికి వెల్ల వేసే ముందు నువ్వు కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు పోస్తావు కదా? రాయి నీళ్ళు తాగి, సుర్రుమని వేడెక్కి, ఉబ్బి పొడి అయిపోతుంది. యురేనియానికి హైడ్రోజన్ వాయువు పట్టిస్తే ఇంచుమించు అదే జరుగుతుంది. తాగుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, నల్లటి పొడి అవుతుంది. దాన్నే హైడ్రైడ్ అంటాం. ఇక్కడే ఒక వింత ఉంది. ఉత్త యురేనియం ఎంత చల్లబరిచినా అయస్కాంతం కాదు. దాని పరమాణువులు మరీ ఒత్తుకుని ఉంటాయి. హైడ్రోజన్ మధ్యలో దూరి వాటిని కాస్త ఎడం చేస్తుంది. అలా ఎడమయ్యాక, సున్నాకు ఇంచుమించు నూరు డిగ్రీల దిగువకు చల్లబరిస్తే అయస్కాంతమై కూర్చుంటుంది!

చిక్కల్లా ఏమిటంటే, ఆ పొడికి గాలి తగిలితే అంటుకుంటుంది. అందుకే గాలి లేని గాజు పెట్టెలో పెట్టి, దానికే బిగించిన రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి పని చేస్తాం.

నేను యురేనియంలో కొంచెం మాలిబ్డినం అనే లోహం కలిపి, కరిగించి, గబుక్కున చల్లార్చి, తర్వాత ఒత్తిడి మీద హైడ్రోజన్ పట్టించాను. అది పొడి కాలేదు, ముక్కగానే నిలబడింది. ఇలాంటివి వేరే దేశాల్లో చేశారు, నా పాళ్ళు వేరు. ఇది ఎంత చలిలో అయస్కాంతం అవుతుందో, ఎంత వేడి తాగుతుందో కొలవాలి. కొలిచే యంత్రం ఒక్కటే ఉంది, అందరూ వరసలో ఉన్నారు. నా వంతు ఫిబ్రవరి మొదటి వారం. ఆ నెలాఖరుకు దాన్ని మరమ్మతుకు ఆపేస్తారు, మళ్ళీ ఎప్పుడు నడుస్తుందో తెలియదు. జూన్లో నేను థీసిస్ ఇవ్వాలి. ఆ వారం చేజారితే ఐదేళ్ళ చదువుకు చూపించుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండదు.

ఇప్పుడు అయ్యగారికి చెప్పుకో.

నీ నిస్సీ


కోడుమూరు,
5 నవంబరు 2024

నా తమ్ముని బిడ్డ నిస్సమ్మకు, నీ పెద్దనాయన ప్రకాశం రాసేది. ఈడ అందరం క్షేమం. ఉల్లిగడ్డ మాత్రం క్షేమంగా లేదు, పెరికే సమయానికి వాన పట్టుకుని సగం కుళ్ళింది. ఆ సంగతి వదిలెయ్.

నీ ఉత్తరం శానా బాగుంది. మన చర్చి సంఘంలో ఆనవాయితీ నీకు తెలియనిది కాదు. నెల మొదటి ఆదివారం, వాక్యం అయినంక, దూరాన ఉన్న బిడ్డల ఉత్తరాలు చదివి వాళ్ళ కోసం ప్రార్థన చేస్తాము. ఇప్పుడు ఉత్తరాలు రాసేవాళ్ళేరీ! అందరూ ఫోన్లలో బొమ్మలు పంపేవాళ్ళే. నీవి కూడా ఇన్నాళ్ళు 'బాగున్నాను, బాగున్నారని తలుస్తాను' అని రెండు ముక్కలు. ఇన్నాళ్ళకు చదవదగ్గ ఉత్తరం వచ్చింది కదా అని మొన్న ఆదివారం పెద్ద గొంతుతో చదివినాను.

సున్నం సంగతి వచ్చేదాకా అందరూ తలలూపుతున్నారు. నాకు గర్వంగా కూడా ఉండింది. ఆ తర్వాత 'గాలి తగిలితే అంటుకుంటుంది' అని చదివినాను. ఆడోళ్ళ వైపు నుంచి మీ పెద్దమ్మ లేచి నిలబడింది. ఆమె అన్నది తర్వాత క్రాంతి కుమార్ నాకు కాగితం మీద రాసి చూపించినాడు, మన బడిపంతులు, ఇప్పుడు సంఘ కార్యదర్శి వాడే. "గాలి లేని తావు యాడుంటాదప్పా? గాలి లేకుండా ఆ పిల్ల ఎట్ల పనిచేస్తాండాది?" అన్నదంట.

మీ రెజీనా అత్త కూడా కోత పండుగకు కడప నుంచి వచ్చింది. వాళ్ళ ఊరికి దగ్గర్లో యురేనియం గని ఉంది కదా. "మా తట్టు నీళ్ళ గురించి ఒకరు ఒక మాట, ఇంకొకరు ఇంకో మాట. యాది నిజమో మాకే తెలీదు. ఈ పిల్ల దాన్ని చేతుల్తో ముడ్తాండాదా?" అని ఏడ్చిందంట. జయకుమార్ అయ్యగారు నీ కోసం ఎంతసేపు ప్రార్థన చేసినారంటే, కొందరు నిలబడలేక కూర్చున్నారు.

నేనొకటి అడుగుతాను. సున్నం అంటివి, ఒప్పుకున్నాను. సున్నం ఎప్పుడన్నా గాలికి అంటుకుందా? ఆ రబ్బరు తొడుగులకు చిల్లు పడితే ఏమవుతుంది? పండుగకు వచ్చి ఎదురుగా కూర్చుని చెప్పు.

నీ మేలు కోరే
పెద్దనాయన


ముంబై,
20 నవంబరు 2024

పెద్దనాయనా,

నిన్ను ఏమనాలో నాకు తెలియడం లేదు. అయ్యగారికి చెప్పమన్నాను గానీ ఊరంతటికీ చాటమన్నానా? సరేలే, ఇంకా నయం, మైకు పెట్టలేదు.

నీ ప్రశ్నలకు జవాబులు. తొడుగులకు చిల్లు పడకుండా ప్రతిరోజూ పరీక్షిస్తారు. గదిలో గాలి శుభ్రంగా ఉందో లేదో చూస్తుండే యంత్రాలున్నాయి. నేను పట్టుకునే ముక్క జొన్నగింజలో సగం ఉంటుంది, కొలిచేటప్పుడు దాన్ని చిన్న డబ్బీలో మూసేస్తాం. నాకేమీ భయం లేదు. మీకెందుకో అంత భయం!

రెజీనా అత్తకు చెప్పు, గని దగ్గర నీళ్ళ సంగతి వేరు, నా పని వేరు. ఆ నీళ్ళు మంచివో కావో ఇక్కడ కూర్చుని నేను చెప్పకూడదు. బావి నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు ఇస్తేనే తెలుస్తుంది. ఎక్కడ ఇవ్వాలో కనుక్కుని రాస్తాను.

క్రిస్మస్‌కు రాలేను. ఫిబ్రవరిలోగా ఇంకో రెండు ముక్కలు తయారు కావాలి.

అన్నట్టు అక్షరాలు వంకరగా ఉన్నాయని అనుకోకు. మొన్న హాస్టల్లో జొన్నరొట్టె తినాలనిపించి చేసుకుంటుంటే కుడిచేయి కాలింది, చిటికెనవేలి కింద అరచేతి అంచున. బొబ్బ లేచింది, తగ్గిపోతుంది. పెద్దమ్మకు మాత్రం చెప్పకు, లేనిపోని రభస చేస్తుంది.

నిస్సీ


కోడుమూరు,
3 డిసెంబరు 2024

నిస్సమ్మకు,

పెద్దమ్మకు చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు. ఆదివారం గుడిలో చదువుతున్నప్పుడు ఆమే విన్నది. 'చెప్పకు' అన్న ముక్క కూడా విన్నది. ముందుగా నేనొకసారి చదువుకుని ఉంటే దాటేసేవాణ్ణి, కవరు గుడికి పోతుంటేనే పోస్టుమాన్ చేతికిచ్చినాడు.

మీ పెద్దమ్మ ఇంటికొచ్చి అన్నం వండలేదు. పలక తెచ్చి నా ముందు పెట్టి రాసింది. ఆమె ఎప్పుడూ అంత పొడుగు రాయలేదు. "పదేళ్ళప్పుడు నా పక్కన కూర్చోబెట్టుకుని రొట్టె తట్టడం నేర్పిన. వట్టి చేత్తో తిరగేస్తాది. ఇన్నేండ్లలో ఒక్కనాడు సుర్రుమనలేదు. ఆ పిల్లకు పెనం తగిలిందంటే నేను నమ్మల్లనా? అది పెనం కాదు. ఆ పొడి. మనకు చెప్తే పిలిపించుకుంటామని దాస్తాండాది."

నేనూ ఆలోచించినాను. ఆమె చెప్పింది సబబుగానే ఉంది. ఆమె నీకు ఫోన్ చేస్తే నువ్వు నవ్వినావంట. ఏమీ లేకపోతే కోప్పడేదానివి. నువ్వు నవ్వినావంటే ఏదో ఉన్నట్టే, చిన్నప్పటి నుంచీ నిన్ను ఎరుగుదుము.

అందుకని సంఘ కమిటీ కూర్చున్నాము. రాయవలసిన చోటికి రాసినాము. నువ్వు దాని గురించి మనసు పెట్టుకోవద్దు, పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడుకుంటారు. కొబ్బరినూనె రాయి, పసుపు రాయొద్దు.

పెద్దనాయన


ముంబై,
2 జనవరి 2025

పెద్దనాయనకు,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు రాయబుద్ధి కావడం లేదు.

మీ సంఘం తీర్మానం మా డైరెక్టరు గారికి అందింది. రిజిస్టర్ పోస్టులో, గుండ్రటి ముద్రతో, ఏడుగురు పెద్దల సంతకాలతో అందింది. క్రాంతి కుమార్ సార్ ఇంగ్లీషు నాకు తెలుసు కాబట్టి ఎవరు రాశారో చూడగానే తెలిసిపోయింది. 'మా బిడ్డ చేయి ఇదివరకే కాలినది, ఆమె భయముచేత ఆ సంగతి దాచియున్నది, కావున ఆమెకు కూర్చుని చేసే పని ఇప్పించగలరని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.' ఏకగ్రీవం! ఒక్కరికైనా నన్ను అడగాలని తోచలేదా?

ఏం జరిగిందో చెప్తాను విను. ఆ కాగితం డైరెక్టరు గారి దగ్గర నుంచి సేఫ్టీ కమిటీకి పోయింది. ఇక్కడ చేయి కాలడం పెద్ద తప్పు కాదు, కాలిన సంగతి చెప్పకుండా దాచడం తప్పు. లోపలికి పోయే నా కార్డు తీసేసుకున్నారు. విచారణ అయ్యేదాకా లాబ్ గడప తొక్కకూడదు. నా రక్తం, నా మూత్రం అన్నీ పరీక్ష చేశారు. యురేనియం ఆనవాలు ఏమీ లేదు. "అయితే కొలిమి దగ్గర కాలి ఉండవచ్చు కదా" అన్నారు. రొట్టె చేస్తుంటే కాలిందని చెప్పాను. మరి నీ ఇంటివాళ్ళే అది అబద్ధమని ముద్ర వేసి పంపారేమిటి అని అడిగారు. నేనేం జవాబు చెప్పాలి? మా రామకృష్ణ సార్ నన్ను నమ్మారు గానీ ఆయన నమ్మితే చాలదు. మచ్చను ఫోటో తీసుకుని ఫైల్లో పెట్టారు.

ఫిబ్రవరి మొదటి వారం లోపల ఇది తేలకపోతే నా వంతు నా తర్వాతివాళ్ళకు పోతుంది. నా ముక్కలు పెట్టెలో ఉన్నాయి, నేను బయట లైబ్రరీలో కూర్చున్నాను. శత్రువులు ఎవరైనా ఇంత పని చేసి ఉంటే కనీసం వాళ్ళను తిట్టుకునేదాన్ని.

కొన్నాళ్ళు ఫోన్ ఎత్తను. నువ్వు ఉత్తరాలు రాయొద్దు. ఇంకెక్కడికీ ఏ తీర్మానాలూ పంపొద్దు.

నిస్సీ


కోడుమూరు,
11 జనవరి 2025

నిస్సమ్మా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. ఈ ఉత్తరం చించేసినా సరే, ఒకసారి చదివి చించు.

నీ కాగితం క్రాంతి కుమార్‌కు చూపించినాను. మొదటి తీర్మానాన్ని రద్దు చేస్తూ రెండో తీర్మానం పంపుదామన్నాడు. వద్దురా నాయనా, ఉన్నది చాలు అన్నాను.

మీ నాయన ఎట్లా పోయినాడో నీకు ఇంతవరకు సరిగ్గా చెప్పలేదు. బండల గనిలో ప్రమాదం అని మాత్రం చెప్పినాము. రాతికి తూటు వేసి మందు దట్టించి వత్తి అంటించినారు. పేలలేదు. మందు చెమ్మగిల్లిందిలే అని అందరూ అనుకున్నారు. మీ నాయన చూడబోయినాడు. అప్పుడు అంటుకుంది. నేను గని పైన ఉన్నాను. అప్పటికి నాకు చెవులు బాగా వినపడేవి. మీ అమ్మ నిన్ను కన్నప్పుడే పోయింది, నీకు నాలుగేండ్లు నిండలేదు, నువ్వు మా ఇంట్లో వేరుశెనగ బుడ్డలు వలుస్తూ కూర్చుని ఉన్నావు.

గుడిలో నీ ఉత్తరం చదువుతూ 'అంటుకుంటుంది' అన్న మాట నీ చేతిరాతలో చూసినప్పుడు నాకు ఆ గని కనపడింది. అందరి ముందర నిలబడి ఉన్నాను కాబట్టి మిగతాది చదివినాను. ఆ తర్వాత మీ పెద్దమ్మ చేయి కాలిన సంగతి పట్టుకునేసరికి నాకు ఇంకేమీ తోచలేదు. నాకు నీ డాక్టరు పట్టా వద్దు, నీ అయస్కాంతం వద్దు, నువ్వు కావాలి. ఇది తప్పైతే తప్పే. నీ వంతు పోతుందని మాత్రం నేను అనుకోలేదు. కుర్చీ వేసి అదే పని కూర్చుని చేయమంటారు అనుకున్నాను.

మీ పెద్దమ్మ ఇంకా తగ్గలేదు. "పెనం అయితే పెనం అని నా కండ్లతో చూస్తా, అది కాకపోతే పిల్లని ఎంటబెట్టుకుని వస్తా" అంటున్నది. ఫిబ్రవరి మొదటికి గానీ టికెట్లు దొరకలేదు, మంత్రాలయం రోడ్డు స్టేషన్లో బొంబాయి బండి ఎక్కుతాము. ఆమె జొన్నపిండి మూట కట్టేసింది. నువ్వు స్టేషన్‌కు రాకపోయినా పర్వాలేదు, నీ గదిలో ఉండే ఆదోని పిల్ల శివలీల నంబరు మీ పెద్దమ్మ దగ్గరుంది.

పెద్దనాయన


కోడుమూరు,
14 ఫిబ్రవరి 2025

నిస్సమ్మా,

మేము క్షేమంగా చేరినాము. రైల్లో మీ పెద్దమ్మ పక్క సీటు వాళ్ళందరికీ తన చేయి చూపించుకుంటూనే వచ్చింది.

ఆ పొద్దు జరిగిందంతా నువ్వు చూడలేదు. కమిటీ వాళ్ళు పిలిచినప్పుడు వచ్చినావు, వాళ్ళు పొమ్మన్నప్పుడు పోయినావు, మా రైలుకు టైమైపోయింది. నువ్వు మాతో నాలుగు మాటలు కూడా సరిగ్గా మాట్లాడలేదు, నీ కోపం నాకు అర్థమైంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నువ్వు లైబ్రరీకి పోయినంక మీ పెద్దమ్మ హాస్టల్ వంటగదిలోకి పోయింది. శివలీల తోడుంది, నేను గడప దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. ఆ కరెంటు పొయ్యి చుట్టూ తిరిగి చూసింది. వంగి కింద చూసింది. "మంట యాడ?" అన్నది, ఆ మాట ఆమె పెదాల మీదనే తెలిసింది నాకు. శివలీల ఏదో మీట తిప్పింది. మీ పెద్దమ్మ పెనం మీద నీళ్ళు చిలకరించి చూసి, రొట్టె తట్టి వేసింది. మొదటిది బాగా పొంగింది, నాకే పెట్టింది. మీట ఆపి రెండోదానికి పిండి కలుపుకున్నది. మళ్ళీ తిప్పింది. రెండోది వేసి, తిరగేయడానికి ఎప్పటిలాగే చేయి ఏటవాలుగా పోనిచ్చింది.

ఆమె నోరు తెరవడం చూసినాను. అరుపు నాకు వినపడలేదు. శివలీల పరుగెత్తి కొళాయి తిప్పింది.

సంగతేమిటంటే, పెనం చిన్నది, దాని కింద ఉన్న ఇనుప బిళ్ళ పెద్దది. పెనం అంచు దాటి చుట్టూ బయటికి ఉంటుంది. నిప్పులా ఎర్రబడదు, మంట రాదు, మీట ఆపినా చల్లారదు. మన పొయ్యి మీద అయితే సెగ ఎక్కడుందో కండ్లకు కనపడుతుంది, చేయి దానంతట అదే తప్పుకుంటుంది. ఇది చూపుకు చల్లగానే ఉంది.

చిటికెనవేలి కింద, అరచేతి అంచున, వంపుగా ఎర్రటి గీత. నువ్వు రాసిన తావే. మీ పెద్దమ్మ దాన్ని కొంతసేపు చూసుకుంటూ నేల మీద కూర్చున్నది. నొప్పికి ఏడుస్తున్నదేమో అనుకున్నాను. దగ్గరికి పోతే "పిల్ల అబద్ధం చెప్పలేదప్పా" అంటున్నది. అదే మాట పదే పదే. తర్వాత లేచి కొంగుతో ముఖం తుడుచుకుని, "పద, ఆ కమిటీ యాడుండాదో చూపించు" అని శివలీల చేయి పట్టుకున్నది. మందు రాయించుకోమంటే వినలేదు, రాస్తే మచ్చ మాసిపోతుందంట!

గేటు దగ్గర లోపలికి వదల్లేదు. మీ పెద్దమ్మ వాళ్ళకు చేయి చూపించి తెలుగులో మొదలుపెట్టింది. ఎవరికీ అర్థం కాలేదు గానీ ఎవరూ ఆపలేకపోయినారు. కడకు కమిటీలో ఉన్న డాక్టరమ్మను పిలిపించినారు. ఆమె బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నది, పెద్దమనిషి. మీ పెద్దమ్మ చెప్పినదాన్ని శివలీల హిందీలో చెప్పింది. నాకు తర్వాత రాసి చూపించింది. "యాభై ఏండ్ల నుంచి రొట్టెలు చేస్తాండా. ఒక్కనాడు కాలలేదు. నాకే కాలిందంటే ఆ పిల్లకు కాలదా? తప్పు రాసింది మేము. శిక్ష మాకు వెయ్యండి. పిల్ల కార్డు పిల్లకియ్యండి." డాక్టరమ్మ ఫైలు తెప్పించి నీ ఫోటో, ఈమె చేయి పక్కపక్కన పెట్టి చూసినారు. తర్వాత హాస్టల్‌కు తానే నడిచి వచ్చి, ఆ పొయ్యి బిళ్ళ వంపును ఒక కాగితం మీద గీసుకుని పోయినారు. ఆ తర్వాతనే నిన్ను పిలిపించినారు.

నువ్వు పోయినంక డాక్టరమ్మ నన్ను ఉండమన్నారు. నాకు వినపడదని తెలిసి ఒక కాగితం మీద శివలీల చేత తెలుగులో రాయించినారు. 'మీ అమ్మాయి తిరిగి ఆ పనిలోకి పోవడానికి మీకు అభ్యంతరం ఉందా?' పెన్ను నా చేతికిచ్చినారు.

మీ పెద్దమ్మ నా వైపు చూస్తున్నది. లేదు అని రాస్తే అబద్ధం అవుతుంది, ఉంది అని రాస్తే నీ బతుకు పోతుంది. చివరికి 'భయం ఉంది. అభ్యంతరం లేదు' అని రాసి సంతకం పెట్టినాను. ఆమె చదివించుకుని నా భుజం తట్టినారు.

నీ వంతు దొరికిందా, పోయిందా? ఆ ఒక్క ముక్క రాయి. తిట్టాలనుంటే తిట్టు గానీ, ఆ ముక్క మాత్రం రాయకుండా ఉండకు.

పెద్దనాయన


ముంబై,
26 ఫిబ్రవరి 2025

పెద్దనాయనా,

కార్డు తిరిగి ఇచ్చేశారు. అయితే నా వారం అప్పటికే నా తర్వాతి అబ్బాయికి ఇచ్చేశారు. ఆ రోజంతా నిన్నూ పెద్దమ్మనూ తిట్టుకున్నాను. దాచుకోను, బాగానే తిట్టుకున్నాను. రామకృష్ణ సార్ తిరగని ఆఫీసు లేదు. యంత్రం ఆపేసే ముందు, చల్లబరచడానికి మిగిలిన హీలియంతో, చివరి కొద్ది రోజులు నాకు ఇప్పించారు.

ఈ రోజు మధ్యాహ్నం అయిపోయింది.

ముందు అయస్కాంతం సంగతి. చల్లబరుస్తూ పోయాను. సున్నాకు యాభై డిగ్రీల దిగువన ఏమీ లేదు. అరవైకీ ఏమీ లేదు. నా పాళ్ళు తప్పాయేమో, ఇంత గొడవా దీనికేనా అనుకుని కూర్చున్నాను. డెబ్బై దాటాక తెర మీద గీత లేచింది, పెద్దనాయనా! నిటారుగా లేచింది. ఉత్త హైడ్రైడ్ పొడికి దాదాపు నూరు డిగ్రీల చలి కావాలి, నా ముక్కకు అంత అవసరం లేదు. తర్వాత వేడి కొలిచాను. కొంచెం కొంచెం వేడి ఇస్తూ, ఎంత వెచ్చబడుతుందో చూడటమే పని. సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి ఇచ్చిన వేడి ఇచ్చినట్టే తాగేసి తక్కువ వెచ్చబడింది. గీత సూదిమొనలా లేదు, బోర్లించిన చాటలా వెడల్పుగా ఉంది, లోపల పరమాణువులు వరసగా లేవు కాబట్టి అలాగే ఉండాలి. రెండు కొలతలూ ఒకే చోటు చెప్పాయి. నమ్మకం కుదరక మొత్తం మళ్ళీ చేశాను. అదే వచ్చింది. నేను థీసిస్ ఇవ్వగలను.

ఇంకొక సంగతి. నవంబరులో 'నాకేమీ భయం లేదు' అని నీకు రాశాను. అది నిజం కాదు. ఆ పెట్టెలో చేతులు పెట్టిన ప్రతిసారీ భయమే. తొడుగులు వాళ్ళు పరీక్షించాక కూడా నేను వేలు వేలూ మళ్ళీ చూసుకుంటాను. నీకు తెలిస్తే పిలిపించుకుంటావని చెప్పలేదు. పెద్దమ్మ చేతి సంగతిలో పొరబడింది గానీ, నేను ఒకటి దాస్తున్నానని సరిగ్గానే పట్టుకుంది. నువ్వు ఆ కాగితం మీద భయం ఉందని రాశావని చదివి, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాయన సంగతి కూడా అప్పుడే సరిగ్గా అర్థమైంది. ఇకమీదట భయమేస్తే భయమేసిందని రాస్తాను. పని మాత్రం ఆపను.

సార్ ఢిల్లీలో మీటింగులో ఉన్నారు, సాయంత్రం గానీ ఫోన్ చేయరు. శివలీల ఇంకా డ్యూటీలోనే ఉంది. ఫోన్ గేటు దగ్గర ఉండిపోయింది. నేను క్యాంటీన్‌లో కూర్చుని చల్లారిన టీ పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి ఇక్కడ అందరికీ తెలిసిపోయి ఉంటుంది. కానీ ఈ నిమిషాన నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు, మొదట చెప్తున్నది నీకే.

నీ నిస్సీ